హాట్‌కేసులో మంచు

తప్పంతా పేరులోనే ఉందని మహీధర్ తేల్చేశాడు. "రామ్మోహనరావు! మొదట ‘రామ్మో’ అని పిలుస్తారు, చివర్లో ‘రావు’ అని మీరే చెప్పేస్తారు. ఇక మంచు ఎలా వస్తుంది సార్?" అని ‘మబ్బుల్లో మనం’ వాట్సాప్ గ్రూపులో రాశాడు. ఏడు ఎమిరేట్లలోనూ ఉన్న తెలుగు మబ్బుల పిచ్చివాళ్ళందరూ ఒక్కసారిగా పళ్ళికిలించే బొమ్మలు పెట్టారు. గ్రూపు పెట్టింది రామ్మోహనరావు. నవ్వింది గ్రూపు. నవ్వులపాలైంది మళ్ళీ రామ్మోహనరావే.

ఆయన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో పైపుల కంపెనీకి అకౌంట్స్ మేనేజరు. పగలంతా ఆఫీసులో ముదీర్ అని పిలిచే పెద్ద మేనేజరు కేకలు, అంటే అధికపీడనం. సాయంత్రం షార్జాలో ఇల్లు చేరితే ఉమాదేవిగారి ముందు ఆయనది అల్పపీడనం. అధికానికీ అల్పానికీ మధ్యనే కదా గాలి పుట్టేది! అలా ఆయనకు వాతావరణం మీదికి గాలి మళ్ళింది. ఇంటికొచ్చి చొక్కా విప్పకముందే ఫోను విప్పి, యూరప్ వాళ్ళ పటాలూ అమెరికా వాళ్ళ పటాలూ పక్కపక్కన పెట్టుకుని, ఇరాన్ మీదుగా చలిగాలి దిగుతోందా, ఎర్రసముద్రం నుంచి తేమ ఎక్కుతోందా అని చూసుకోకపోతే ఆయనకు అన్నం సహించదు.

చూసుకున్నంతవరకూ బాగానే ఉండేది. చెప్పడం మొదలుపెట్టాకే వచ్చింది తంటా. రాస్ అల్ ఖైమాలోని జబల్ జైస్ కొండ మీద మంచు పడుతుందని ఒక శీతకాలం చెప్పాడు. గ్రూపులో సగంమంది స్వెట్టర్లు కొనుక్కుని, ఎలాగోలా జైసే తైసే జైస్ ఎక్కారు. మేకలు కనబడ్డాయి. మరుసటి శీతకాలం మళ్ళీ చెప్పాడు. ఈసారి మేకలు కూడా కనబడలేదు, అంత పొగమంచు. వానలో తడిసి కిందికి దిగిన ఉమాదేవి వారం రోజులు దగ్గుతూ పడుకుంది. "మంచు చూపిస్తానని తీసుకెళ్ళి మంచం ఎక్కించారు" అని ఇప్పటికీ దెప్పుతుంది.

అంతవరకైతే అది నవ్వులాటే. కానీ ఆ తర్వాతి ఏప్రిల్‌లో దేశమంతా నీళ్ళలో మునిగిన వాన వచ్చింది. రెండు రోజుల ముందే రామ్మోహనరావు గ్రూపులో మొత్తుకున్నాడు: "ఇది మామూలు వాన కాదు, బండ్లు బేస్‌మెంట్లలోంచి తీసేయండి, ఎత్తు మీద పెట్టండి." ఒక్కరు వినలేదు. "సార్, మంచు కూడా పడుతుందా?" అని అడిగారు. మహీధర్ అయితే కోన్ ఐస్‌క్రీం పట్టుకున్న రామ్మోహనరావు బొమ్మ ఒకటి తయారుచేసి పెట్టాడు. వాన పడ్డ మర్నాడు ఎవరి కారు ఎక్కడ తేలుతోందో వెతుక్కున్నారు.

విన్నది ఒకే ఒక్కడు, భోజన్న. జగిత్యాల నుంచి వచ్చి ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఫ్యాక్టరీకి వ్యాను నడుపుతున్నాడు. వాన వచ్చే రాత్రి వ్యాను తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టాడు. తెల్లారి చూస్తే కార్మికుల క్యాంపు ముందు నిలబెట్టిన బండ్లన్నీ ఖలాస్, భోజన్న బండి ఒక్కటే మిగిలింది. అప్పటినుంచి అతనికి రామ్మోహనరావు మాటంటే గురి.

"నాకు కావాల్సింది మంచు కాదు ఉమా," అన్నాడు రామ్మోహనరావు ఈ జనవరిలో, పటాలు చూస్తూ చూస్తూ. "మాట. నా మాట మంచు దగ్గర పోయింది. అందుకే వరదప్పుడు ఎవరూ వినలేదు. పోయిన చోటే వెతుక్కోవాలి."

"వెతుక్కోండి. ఈసారి మాత్రం నా మంకీక్యాప్ మర్చిపోకండి," అంది ఉమాదేవి. "అసలు మంచు నాకు పుట్టింటి సొమ్ము. హిమవంతుడి కూతురి పేరు పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక ఫ్రిజ్‌లో తప్ప మంచు చూసి ఎరగను."

పటాల్లో ఈసారి లెక్క కుదిరింది. ఆదివారం పొద్దున్నకు కొండ నెత్తిన గాలి గడ్డకట్టేంత చల్లబడుతోంది, సరిగ్గా అదే వేళకు తేమ వచ్చి దాని మీద వాలుతోంది. అటు పటం, ఇటు పటం, రెండూ ఒకే మాట చెప్పాయి. రామ్మోహనరావు గ్రూపులో ఇలా రాశాడు: "ఆదివారం ఉదయం ఏడున్నరకు జబల్ జైస్ మీద మంచు పడుతుంది. పడకపోతే ఇక జన్మలో వాతావరణం గురించి నోరెత్తను. గ్రూపు అడ్మిన్ తాళాలు మహీధర్‌కి ఇచ్చేస్తాను."

ఏడున్నర ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పుకోవాలి. రామ్మోహనరావు చేతిగడియారం ఆయన గల్ఫ్‌లో దిగిన నాటినుంచీ ఇండియా టైమే చూపిస్తోంది. ఆ రోజుల్లో ఫోను కార్డు గీకేముందు ఊళ్ళో వాళ్ళు మేలుకుని ఉన్నారో లేదో చూసుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. కార్డులు పోయాయి, ఏర్పాటు పోలేదు. గడియారం చూడటం, గంటన్నర తీసేయడం, ఇక్కడి టైము చెప్పడం. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని చేసీ చేసీ, ఇప్పుడు అంకె ఎక్కడ కనబడినా గంటన్నర దానంతటదే ఊడిపోతోంది. "కుక్కర్ మూడు విజిల్స్ వేస్తే ఈయన లెక్కలో ఒకటిన్నరే" అంటుంది ఉమాదేవి. ఫోనులో పటం ‘తొమ్మిది’ అని చూపించింది. ఫోను ఏ దేశంలో ఉంటే ఆ దేశం టైమే చూపిస్తుందని ఆయనకు తెలుసు. తెలిసీ, చూపు తొమ్మిది మీద పడగానే బుర్ర ఏడున్నర అనేసింది.

మహీధర్ ఊరుకోలేదు. అతను దుబాయ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వాతావరణానికి ఖరీదైన యాప్ ఒకటి పెట్టుకున్నాడు. "నా యాప్‌లో మంచు లేదు సార్. తొమ్మిదికి వాన మాత్రం ఉంది. నేను తొమ్మిదికి వస్తాను, గ్రూపు తాళాలు తీసుకోవడానికి" అని రాశాడు.

"తొమ్మిదికి వస్తే కరిగిన నీళ్ళు చూస్తావు" అని రామ్మోహనరావు జవాబిచ్చాడు. ఎదుటివాడు చేతికందించిన నిజాన్ని అంత ఠీవిగా తిప్పి పంపడం అందరికీ చేతకాదు.

ఆదివారం వేకువనే భోజన్న వ్యాను షార్జాలో బయల్దేరింది. ముందు సీట్లో రామ్మోహనరావు. వెనక ఉమాదేవి, ఆమె ఒళ్ళో పెద్ద హాట్‌కేసు, దాన్నిండా పులిహోర. పక్కన మహీధర్ భార్య శ్రీసుధ. మొగుడు పడుకుని ఉండగానే టాక్సీలో వచ్చేసింది.

"ఆయన యాప్ కన్నా మీ పులిహోర మీద నాకు నమ్మకం ఎక్కువక్కా," అంది శ్రీసుధ. ఇంకా వెనక గ్రూపులోని జనం పదిమంది దాకా, దుప్పట్లు కప్పుకుని, నమ్మకాలు కప్పుకోకుండా కూర్చున్నారు.

మెలికలు తిరుగుతూ కొండ ఎక్కారు. రోడ్డు ఆగిపోయే చోట పార్కింగ్‌లో వ్యాను ఆపేసరికి తెల్లవారింది. తెల్లవారింది అనడానికి తెలుపు ఎక్కడా లేదు, అంతా బూడిదరంగు. చలి మాత్రం ఎముకల్ని పేరుపెట్టి పిలుస్తోంది. చుట్టూ ఇంకో పది కార్లు, రకరకాల దేశాలవాళ్ళు, అందరూ ఆకాశంకేసి చూస్తున్నారు. మబ్బు మబ్బుగానే ఉంది.

ఏడున్నర అయింది. వాన మొదలైంది. ఉత్త వాన.

వ్యాను టాపు మీద చినుకులు టపటపలాడుతుంటే లోపల నాలుకలు కూడా మొదలయ్యాయి.

"మంచు ద్రవరూపంలో పడుతోందండీ, గమనించండి," అన్నాడొకాయన.

"మేకలు కూడా రాలేదు ఈసారి. వాటికి అనుభవం ఉంది," అన్నాడింకొకాయన.

శ్రీసుధ ఫోను మోగింది. మహీధర్ గొంతు వ్యానంతా వినబడింది. "ఏమైంది? పడిందా? సార్‌ని తాళాలు తుడిచి పెట్టమను. నేను ఇప్పుడే బయల్దేరుతున్నా." ఆమె గబుక్కున ఫోను కట్టేసింది. కానీ వినాల్సినవాళ్ళందరూ వినేశారు.

రామ్మోహనరావు చలికి చలించాడేమో గానీ ఆ మాటకు చలించకూడదనుకున్నాడు. ఆఫీసులో ఆయన లేకపోతే పైపులు ఆగవు, ఇంట్లో ఆయన మాట్లాడకపోతే టీవీ ఆగదు. ఈ గ్రూపులో ఒక్కచోటే ‘సార్ ఏమన్నారు?’ అని అడిగేవాళ్ళు ఒకప్పుడు. ఇవాళ్టితో అదీ సరి. రేపు నిజంగా వరద ముంచుకొస్తున్నా చెప్పే నోరు ఉండదు.

"టైమెంతయిందండీ?" అంది ఉమాదేవి.

ఆయన గడియారం చూశాడు. అది తొమ్మిది చూపిస్తోంది. "తొమ్మిది... అంటే ఏడున్నర." ఇంకో చేతిలో ఫోను పటం తెరిచి ఉంది. అందులోనూ తొమ్మిదే. "చూశావా, ఇందులోనూ తొమ్మిదే, అంటే ఏడున్నరకే కదా పడాలి..."

ఉమాదేవి ఆయన మొహంలోకి చూసింది. "ఫోను మీకు ఇండియా టైము ఎప్పుడు చూపించిందండీ?"



రామ్మోహనరావు పటాన్ని చూశాడు, గడియారాన్ని చూశాడు, మళ్ళీ పటాన్ని చూశాడు. మెల్లగా ఆయన మొహంలో రంగు మారింది. ముందు ఎరుపు, అది సిగ్గు. తర్వాత ఇంకేదో వెలుగు. ఆయన లేచి, వంగి నిలబడి, వెనక్కి తిరిగాడు.

"తప్పు నాదే. పటంలో తొమ్మిదికని ఉంటే నేను అలవాటు కొద్దీ గంటన్నర కోసేశాను. మంచు రాకపోవడం కాదు, మనం ముందొచ్చాం. ఇంకో గంటన్నర ఆగండి."

"అంటే ఇండియన్లు మొదటిసారి టైముకన్నా ముందొచ్చారన్నమాట!" అన్నాడు మేకలాయన. అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వులో నమ్మకం పాలు ఎంతో ఆయనకు తెలియలేదు.

అప్పుడే పోలీసు జీపు వచ్చి పార్కింగ్‌లో ఆగింది. రెయిన్‌కోటు వేసుకున్న యువకుడు ఒకడు బండి బండికీ వెళ్ళి చెబుతున్నాడు. కింద మలుపులో రాళ్ళు జారిపడ్డాయట. పైకి వచ్చే రోడ్డు మూసేశారట. "నీచే జానా హై తో అభీ, మేరే పీఛే. యల్లా! నహీ తో రాస్తా సాఫ్ హోనే తక్ ఇధర్, గాడీ మే." దిగేవాళ్ళు ఇప్పుడే అతని వెనక దిగాలి, లేదా రోడ్డు బాగయ్యేదాకా ఇక్కడే బండిలో కూర్చోవాలి.

చుట్టుపక్కల కార్లు ఒక్కొక్కటే స్టార్టయ్యాయి. వ్యానులో గోల మొదలైంది. దిగిపోదామని సగంమంది, రాస్ అల్ ఖైమాలో వేడి ఇడ్లీ దొరుకుతుందని మిగతా సగం. రామ్మోహనరావు తన దగ్గర ఉన్న మాట ఇందాకే చెప్పేశాడు. భోజన్న వైపు చూశాడు.

భోజన్న తాళం చెవి ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"ఏందన్నా, పోనీ!" అన్నారు వెనకనుంచి.

"పోనియ్య. నీళ్లచ్చినప్పుడు సారు చెప్పిండు, నేనొక్కన్నే ఇన్న. నా బండి దక్కింది, మీ బండ్లు కొట్టుకపొయినయ్. గప్పుడు నవ్విండ్రు, గిప్పుడు గూడ నవ్వుతుండ్రు. జెర గంటన్నర కూసోరాదుండ్రి, ఏం మునిగిపోతది? కొండ మీద మునుగుతరా?"

దుప్పట్లు మళ్ళీ భుజాల మీదికి చేరాయి. మునిగిన కార్లవాళ్ళు ముగ్గురు ఆ వ్యానులోనే ఉన్నారు మరి. జీపు వెళ్ళిపోయింది, దాని వెనక కార్లన్నీ వెళ్ళిపోయాయి. పార్కింగ్ మొత్తానికి ఒక్క వ్యాను మిగిలింది.

ఉమాదేవి హాట్‌కేసు మూత తీసింది. పులిహోర చేతులు మారింది. తింటున్నంతసేపూ అందరూ వాతావరణ శాస్త్రవేత్తల్లా వాదించుకున్నారు గానీ, ఆవ ఎక్కువైందా చింతపండు ఎక్కువైందా అన్నదే చర్చ. హాట్‌కేసు అడుగు కనబడింది. రామ్మోహనరావు ఒక్క మెతుకు ముట్టలేదు.

మళ్ళీ శ్రీసుధ ఫోను మోగింది. ఈసారి గొంతులో ఆ ఊపు లేదు. "సుధా, కొండ కింద బారికేడ్ పెట్టారు. పైకి వదలడం లేదు. అసలు మీరెలా పైకెక్కారు?"

"ముందొచ్చాం," అంది శ్రీసుధ. "సార్ తప్పు లెక్క వేశారు కాబట్టి ఎక్కాం. నీది కరెక్టు లెక్క కాబట్టి కిందున్నావు."

కాసేపటికి వ్యాను టాపు మీద టపటపలు తగ్గాయి. ఇంకాసేపటికి అసలు ఆగిపోయాయి.

"వాన కూడా పోయింది," అని నిట్టూర్చాడు మేకలాయన. "ఇక దిగడమే."

రామ్మోహనరావు తలెత్తాడు. భోజన్న చేత మళ్ళీ తాళం పెట్టించి వైపర్లు వేయించాడు. వాన ఆగితే అవి పొడిగా కీచుమనాలి. కీచుమనడం లేదు, మెత్తగా జారుతున్నాయి. అద్దం మీద ఏదో వాలింది. చినుకులా జారిపోలేదు, వాలి కూర్చుంది. దాని పక్కన ఇంకొకటి. ఆ తర్వాత లెక్కలేదు.

"ఆగిపోలేదు," అన్నాడు. "చప్పుడు చేయడం మానేసిందంతే. వడగళ్ళయితే టాపు దడదడలాడాలి. వానయితే టపటపలాడాలి. ఏ చప్పుడూ లేకుండా పడేది ఒక్కటే."

తలుపు లాక్కుని కిందికి దిగాడు. దిగినవాడు దిగినట్టే నిలబడిపోయాడు. ఎర్రటి ఎడారి దేశపు కొండ నెత్తిన ఆకాశం తెల్లగా విడిపోయి రాలుతోంది. పిండి జల్లించినట్టు, పత్తి ఏకినట్టు, అటు గాలికి అటు, ఇటు గాలికి ఇటు, తొందర లేకుండా. ఆయన చాచిన అరచేతిలో ఒకటి పడి, ఆకారం చూపించి, కరిగిపోయింది.

"జబల్ జైస్‌కీ..." అని వెనకనుంచి భోజన్న అరిచాడు.

"జై!" అన్నది వ్యాను మొత్తం.

ఆ తర్వాత ఎవరినీ పట్టుకోలేకపోయారు. దుప్పట్లు కప్పుకున్న పెద్దమనుషులు బడిపిల్లల్లా గెంతారు. మేకలాయన మంచు ముద్ద చేసి మొదట తన నెత్తినే వేసుకున్నాడు. భోజన్న ఊళ్ళో ఉన్న భార్య లక్ష్మవ్వకు వీడియో కాల్ చేసి, "సూడవే, దుబాయ్ల మంచు!" అని ఫోను గాల్లో తిప్పాడు. "పత్తి జిన్నింగు మిల్లు కాడ నిలబడి నాకు అవద్దాలు చెప్పకు," అని ఆవిడ ఫోను పెట్టేసింది. ఉమాదేవి మంకీక్యాప్ తీసేసి, నెత్తిమీద మంచు పడనిస్తూ, కళ్ళు మూసుకుని నిలబడింది. రామ్మోహనరావు దగ్గరికి వెళితే కళ్ళు తెరవకుండానే అంది: "పుట్టింటికి తీసుకొచ్చారు. దగ్గు మాట ఇక ఎత్తను."

శ్రీసుధ మహీధర్‌కి చూపించింది. "ఫిల్టరు," అన్నాడతను. "సార్ మంచిగా ఎడిట్ చేయించారు. చూసి నమ్మే రోజులా ఇవి? పట్టుకుంటే తప్ప నమ్మను."

ఉమాదేవి అటు తిరిగింది. "పట్టుకుంటాడటా?" అని వ్యానులోకి వెళ్ళి ఖాళీ హాట్‌కేసు, గరిటె తెచ్చింది. వ్యాను బానెట్ మీద, అద్దం మీద, రోడ్డు పక్క గోడ మీద పేరుకున్న మంచు గీకి గీకి హాట్‌కేసు నింపింది, అదిమి అదిమి మూత పెట్టింది. వేడి కోసం కొన్న గిన్నె చల్లని సాక్ష్యాన్ని దాచుకుంది.

మధ్యాహ్నానికి దారి తెరిచి, పోలీసు జీపు వెనకే వ్యాను కిందికి దిగింది. బారికేడ్ దగ్గర వానలో గొడుగేసుకుని మహీధర్ నిలబడి ఉన్నాడు. ఉమాదేవి వ్యాను దిగి అతని ముందు హాట్‌కేసు మూత తీసింది.

తెల్లగా, గట్టిగా, అంచుల్లో పులిహోర పసుపు అంటుకుని లేత పచ్చగా, మధ్యలో ఒక వేరుశనగ గుండు, ఒక కరివేపాకు. ఆకాశం నుంచి పడ్డ మంచుకు ఇంతకన్నా తెలుగు ముద్ర ఏం కావాలి?

మహీధర్ వేలు పెట్టి చూశాడు. జిల్లుమంది. పిడికెడు తీసుకున్నాడు, నోట్లో వేసుకున్నాడు, కళ్ళు చిట్లించాడు.

"ఎలా ఉంది?" అంది శ్రీసుధ.

"ఆవ ఎక్కువైంది," అన్నాడు. అని, గొడుగు పక్కన పడేసి రామ్మోహనరావు రెండు చేతులూ పట్టుకున్నాడు. "సార్, ఒప్పుకున్నాను. తాళాలు మీవే."

"మహీధరమంటే కొండేనయ్యా," అన్నాడు రామ్మోహనరావు నవ్వుతూ. "ఇవాళ మేమొక కొండ ఎక్కాం, ఇంకో కొండ దిగొచ్చింది."

చేతులు వదిలించుకుని ఆయన ఫోను తీశాడు. మంచు ఫోటోలు పెడతాడనుకున్నారందరూ. పటం తెరిచాడు. కాసేపు చూశాడు. ఈసారి చూపుడువేలుతో అంకె మీద తట్టి, ఉమాదేవికి చూపించి, ఆమె తలూపాక గ్రూపులో రాశాడు: "ఇదే మబ్బు కిందికి దిగుతోంది. సాయంత్రం ఆరింటికి షార్జాలో పెద్ద వాన. బండ్లు బేస్‌మెంట్లలోంచి తీసి ఎత్తు మీద పెట్టండి."

ఎవరూ ఐస్‌క్రీం బొమ్మ పెట్టలేదు. ‘మంచు కూడా పడుతుందా’ అని ఎవరూ అడగలేదు. ‘తీసేస్తున్నాం సార్’, ‘ఇప్పుడే దిగుతున్నా సార్’, ‘మా పక్క ఫ్లాటు వాళ్ళకీ చెబుతున్నా సార్’ అని ఫోను టపటపలాడుతూనే ఉంది, ఇందాకటి వాన కన్నా జోరుగా. రామ్మోహనరావు ఒక్కొక్కటే చదువుకున్నాడు. చదువుతుంటే అక్షరాలు కాస్త అలికినట్టయ్యాయి. చలికి కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయన్నాడు.

మహీధర్ అప్పటికే కారెక్కి తాళం తిప్పుతున్నాడు. అద్దం దించి తల బయటపెట్టాడు.

"ఆరంటే ఇక్కడి టైమేనా సార్?"

"ఇక్కడిదేనయ్యా!"

"అయినా గంటన్నర ముందే తీసేస్తాను సార్," అన్నాడు. "ఎందుకైనా మంచిది."